కర్తరి ఎండలకు నిలిచే పెరటి మొక్కలు ఎలా పెంచుకోవాలి

తిరుపతిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశమైన వారంలోపే చాలామంది చేసే పని ఒకటుంది. ఆటో మాట్లాడుకుని నర్సరీకి పోయి, కంటికి నచ్చిన మొక్కలన్నీ ఎక్కించుకుని రావడం. గులాబీలు, చామంతులు, రంగురంగుల ఆకుల క్రోటన్లు. ఉగాది దాకా ఇంటి ముందు కళకళలాడుతుంది. మే 4న డొల్లు కర్తరి మొదలై, 11న నిజ కర్తరి పట్టి, 28న వదిలేసరికి కుండీల్లో ఎండుపుల్లలు మిగులుతాయి. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. వేసవిలో పది రోజులు ఊరికి పోతాం. ఆ పది రోజులూ నీళ్లు పోయమని పక్కింటివాళ్లను అడగాలంటే మొహమాటం.

ఇప్పుడు వాకిట్లో, పెరట్లో, మిద్దె మీద కలిపి ముప్పై దాకా మొక్కలున్నాయి. మే నెలలో తాళం వేసి పోయి వచ్చినా ఆకు వాడి ఉంటుందేమో గానీ మొక్క చావదు. అసలు పనే అడగని మొక్క ఎక్కడా లేదు. అది అడిగే పనంతా నాటే రోజునా, మొదటి ఏడాదిలోనూ చేసిపెడితే ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. ఆ మొదటి ఏడాది ఏం చేయాలో వివరంగా చెబుతాను.

కొనడానికి ముందు

ఒక సాయంత్రం మీ వీధిలో రెండు వైపులా నడవండి. ఎవరూ పట్టించుకోకపోయినా పచ్చగా ఉన్న మొక్కలేవో చూడండి. తాళం వేసిన ఇంటి గోడ మీదుగా వాలిన కాగితం పూల తీగ, గుడి ఆవరణలో గుబురుగా పెరిగిన నందివర్ధనం, మురుగుకాలువ అంచున సిమెంటు బీటలోంచి లేచిన బిళ్ళగన్నేరు. మీ నేలకు, మీ ఎండకు ఏది పనికొస్తుందో ఇంతకంటే బాగా చెప్పేవాళ్లు ఉండరు. పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఊరికీ ఊరికీ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు మీద ఉంటాయి గనక ఎండ కొంత తక్కువ. అక్కడి బంధువుల ఇంట్లో విరగబూసిన గులాబీని చూసి తిరుపతిలో అదే తెచ్చి నాటితే మే నెలలో బాధపడాల్సి వస్తుంది. ఇక్కడ మేలో 40 డిగ్రీలు దాటడం మామూలే.

తర్వాత మీ స్థలం చూడండి. పడమటి గోడ పక్కన ఎండ ఎంతసేపుంటుంది? ఆ గోడ కాలి, చీకటి పడ్డాక కూడా సెగ కొడుతూనే ఉంటుంది. అక్కడ నాటే మొక్క వేరే, తూర్పు వాకిట్లో నాటే మొక్క వేరే.

నేల సంగతి ఇంకా ముఖ్యం. మనవి ఎక్కువగా ఎర్ర నేలలు, నీళ్లు తొందరగా ఇంకుతాయి. కానీ కొత్త కాలనీల్లో ఇంటి చుట్టూ ఉన్నది అసలు నేల కాదు, లారీలతో తోలిన గరుసు, దాని మీద కట్టుబడి మిగిల్చిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకిపోతే దిగులు లేదు. పొద్దున పోసినవి మర్నాటికీ అలాగే నిలిచి ఉంటే అక్కడ గుంటలో నాటకండి. ఇటుకలు పేర్చి అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ చేసి దాని మీద నాటండి. ఈ పరీక్షకు ఒక్క రోజు పడుతుంది. మేం చేయలేదు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు మా పెరట్లో నాలుగు రోజులు నీళ్లు నిలిచి, మూడేళ్ల దానిమ్మ, రెండు మునగ చెట్లు వేరు కుళ్లి పోయాయి. ఆ ఏడాది ఎండకు పోయింది ఒక్కటే మొక్క.

ఏవి నాటాలి

నన్నడిగితే మొదటి మొక్క నందివర్ధనం. మొగ్గలు సాయంత్రానికి నిండుగా ఉబ్బి, తెల్లారేసరికి చెట్టంతా తెల్లగా విచ్చుకుని ఉంటాయి. ఏడాదిలో పూయని నెల లేదు, పూజకు పూలు కొనే పని తప్పుతుంది. ఒంటిరెక్కదీ ముద్దదీ రెండూ దొరుకుతాయి. ఒంటిరెక్కది ఇంకా మొండిది. నీడా ఎండా రెండూ ఓర్చుకుంటుంది, ఎంత కత్తిరించినా చిగురిస్తుంది. దీనికి వచ్చే ఇబ్బంది ఒక్కటే, వాన కాలంలో ఒక లావుపాటి పచ్చపురుగు. మీ చిటికెన వేలంత లావుంటుంది, తల దగ్గర రెండు నీలికళ్ల లాంటి మచ్చలుంటాయి, ఆకులో ఆకుగా కలిసిపోయి కనపడదు. చెట్టు కింద గచ్చు మీద మిరియాల్లాంటి నల్లటి గుళికలు రాలి ఉంటే పైన ఉందని అర్థం. సరిగ్గా ఆ గుళికల పైనున్న కొమ్మ వెతకండి, ఆకులు లేకుండా ఈనెలు మాత్రమే మిగిలిన కొమ్మ. పుల్లతో తీసి దూరంగా వేస్తే సరిపోతుంది, మందు కొట్టే పని లేదు. రాత్రి పూట తిరిగే, సీతాకోకచిలుక లాంటి ఒక అందమైన రెక్కల పురుగుకు పిల్ల అది. రెండు కొమ్మలు తిన్నా నెలలో మళ్లీ చిగురు వస్తుంది.

రెండోది కాగితం పూలు. పడమటి గోడకు, గేటు పైకి, మిద్దె పిట్టగోడకు దీన్ని మించింది లేదు. దీనితో అందరూ చేసే తప్పు రోజూ నీళ్లు పోయడం. అలా పోస్తే బారెడు బారెడు తీగలు, బోలెడు ఆకు, పూత సున్నా. కుదురుకున్న మొక్కకు నీళ్లు ఆపేసి, ఆకు కాస్త వాలేదాకా ఆగి, అప్పుడు నిండుగా పోయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే కొసలన్నీ రంగెక్కుతాయి. పూత అయిపోగానే ఆ కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి, కొత్త చిగురు మీదే మళ్లీ పూస్తుంది. ముళ్లు గట్టివి, చేతికి గోనెసంచి గుడ్డ గానీ తొడుగులు గానీ వేసుకోండి. పిల్లలు ఆడుకునే దారిలో మాత్రం నాటకండి.

గన్నేరు మండుటెండలో కూడా నవ్వుతూ ఉంటుంది, రహదారుల మధ్యలో ఊరికే నాటరు దాన్ని. అయితే దాని ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం, ప్రాణం తీస్తుంది. నోట్లో ఏది దొరికితే అది పెట్టుకునే వయసు పిల్లలున్నా, ఆవులు తిరిగే వీధి అయినా ఈ రెండూ వద్దు. కత్తిరించిన కొమ్మలు గోడ అవతల పారేయకండి, తగలబెట్టకండి, పొగ కూడా మంచిది కాదు.

పారిజాతానికి చోటుంటే తప్పక పెట్టండి. వాన కాలం నుంచి చలి మొదలయ్యేదాకా తెల్లారుజామున ముగ్గు మీద రాలే పూలకు వెల కట్టలేం. పూత అయ్యాక ఒకసారి కత్తిరిస్తే చాలు. వేసవిలో ఆకు రాల్చి మోడులా కనిపిస్తుంది, చచ్చిందనుకుని పీకేయకండి. గోటితో బెరడు కాస్త గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే బతికే ఉంది.

నూరువరహాలు మంచి మొక్కే గానీ కొత్తగా సున్నం, సిమెంటు పడిన గోడ పక్కన పెడితే ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నేలలో సున్నం ఎక్కువై ఇనుము అందక అలా అవుతుంది. గోడకు మూడడుగులు దూరం జరిపి, మట్టి మార్చి నాటండి.

మందారాన్ని అందరూ తేలిక మొక్క అంటారు. నేను అనను. ఎండలు ముదిరేసరికి మొగ్గల మీద తెల్లగా పిండినల్లి పట్టి, దాని వెంట చీమలు చేరి, వారం వారం గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి కడగాల్సి వస్తుంది. మందారం లేనిదే ఉండలేమనుకుంటే పాతకాలపు ఎర్ర ఒంటిరెక్కది పెట్టుకోండి, ముద్ద మందారాల కంటే అది తట్టుకుంటుంది.

వంటింటి కోసం కరివేపాకు, మునగ, కర్పూరవల్లి. కర్పూరవల్లి కొమ్మ తుంచి గుచ్చితే వచ్చేస్తుంది, పిల్లలకు దగ్గు వచ్చినప్పుడు చేతికందుతుంది, అంతకు మించి చెప్పడానికేం లేదు. మునగను ఇంటికి పది అడుగుల దూరంలో, నీళ్లు నిలవని చోట పెట్టండి. కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి పడుతుంది. కాపు అయ్యాక నడుమెత్తులో నరికేస్తే మళ్లీ గుబురుగా లేస్తుంది.

కరివేపాకు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో మోకాలెత్తు దగ్గరే ఆగిపోయేది అదే. మొదటి ఏడాది దాన్నుంచి ఒక్క రెమ్మ కూడా కోయకూడదు. పోపు వేసినప్పుడల్లా రెండాకులు గిల్లుతూ పోతే అది లేచేదెప్పుడు? రెండడుగులు ఎదిగాక కొస తుంచండి, పక్కకొమ్మలు వస్తాయి. ఆ తర్వాత ఆకులు దూయకండి, రెమ్మ మొత్తం కత్తెరతో కోయండి. పూత వస్తే తుంచేయండి, కాయలు పండితే ఆకు తగ్గుతుంది. లేత ఆకుల మీద పిట్టరెట్టలా నలుపు తెలుపు మచ్చ కనిపిస్తే అది రెట్ట కాదు, సీతాకోకచిలుక పురుగు. రెండు మూడు రోజుల్లో చిన్న మొక్కను బోడి చేయగలదు, చేత్తో ఏరేయండి.

మిద్దె మీది కుండీలకు కలబంద, గడ్డిగులాబీ, బిళ్ళగన్నేరు, అడీనియం, నీడ ఉన్న మెట్ల దగ్గర స్నేక్ ప్లాంటు. ఇవన్నీ నీళ్లు తక్కువై చావవు, ఎక్కువైతేనే చస్తాయి.

అలిపిరి, కపిలతీర్థం వైపు వీధుల్లో ఉండేవాళ్లకు కోతుల బాధ వేరే చెప్పాలా? జామ, దానిమ్మ, మందార మొగ్గ, ఏదీ మిగలదు. మా చుట్టాల ఇల్లు అటువైపే, అక్కడ పాలుకారే నందివర్ధనం, గన్నేరు, కలబంద జోలికి అవి పోవడం నేను చూడలేదు. పండ్ల మొక్కలు అక్కడ మానేయడమే సుఖం.

ఇంకో మాట. శేషాచలం కొండల్లో సొంతంగా పెరిగే మొక్కల్ని, ముఖ్యంగా అక్కడ తప్ప మరోచోట సహజంగా కనపడని పేరిత అనే సైకాస్ జాతి మొక్క లాంటివాటిని, ఎవరైనా తవ్వి తెచ్చి అమ్మితే దయచేసి కొనకండి. అవి మన పెరట్లో బతకడం కంటే కొండ మీద మిగలడం ముఖ్యం.

గుంట తీయడం, నాటడం

మనకు నైరుతి వానల కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతో పడే వానలే ఎక్కువ. అందుకని శ్రావణ, భాద్రపదాల్లో, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే అసలు వానలు వచ్చేసరికి మొక్క వేరు పట్టి ఉంటుంది. తర్వాత చలికాలమంతా వేరు కిందికి దింపుకుని వేసవికి సిద్ధమవుతుంది. ఫిబ్రవరిలో నాటిన మొక్కకు ఆ వ్యవధి ఉండదు.

గుంట మాత్రం మే నెలలోనే తీసిపెట్టండి. పూల మొక్కకు అడుగున్నర, చెట్టుకు రెండడుగులు. పై మట్టి ఒకవైపు, కింది మట్టి ఒకవైపు పోసి, గుంటను ఎండకు కాలనివ్వండి. నాటే ముందు పై మట్టిలో మూడో వంతు బాగా చివికిన పేడ ఎరువు, రెండు గుప్పెళ్లు వేపపిండి కలపండి. ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ, వేపపిండి అందుకే. పచ్చిపేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలూ పడతాయి. చివికిన ఎరువు చేతిలోకి తీసుకుంటే వాసన రాదు, పొడిపొడిగా రాలుతుంది.

ఇప్పుడు నర్సరీ కవరు సంగతి. మన నర్సరీల్లో మొక్కలు కొన్ని రైల్వే కోడూరు నుంచి, కొన్ని తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి వస్తాయి. కడియం మొక్కల వేళ్ల చుట్టూ తరచుగా నల్లటి జిగట మట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో పెడితే వేసవిలో ఆ ముద్ద రాయిలా బిగుసుకుంటుంది. మనం పోసే నీళ్లు దాని పక్కనుంచి జారి ఎర్రమట్టిలోకి పోతాయి, లోపలి వేళ్లు ఎండిపోతాయి. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎందుకు చచ్చిందో అర్థం కాదు. చచ్చిన ఒక సపోటా అంటును పీకి చూస్తే చుట్టూ మట్టి తడిగా ఉంది, మధ్యలో ముద్ద సుత్తితో కొడితే గానీ పగల్లేదు. అప్పుడు తెలిసింది.

అందుకని కవరు తీసేసి ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నాననివ్వండి. పైనున్న జిగటను వేళ్లతో మెల్లగా రుద్ది సగం దాకా కరిగించండి. వేళ్లు తెగకూడదు, మొత్తం కడిగేయనూ కూడదు. అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే విడదీయండి. కవరుతో సహా నాటితే అదే కరిగిపోతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. నాటేటప్పుడు కవరులో మట్టి ఎంతవరకు ఉందో నేలలోనూ అంతవరకే ఉండాలి, కాండం మట్టిలో కూరుకుపోకూడదు. అంటుమొక్క అయితే అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి. మట్టి తొక్కి బిగించి, పక్కన కర్ర పాతి వదులుగా కట్టి, చుట్టూ మూరెడు వెడల్పు పాదు చేయండి. సాయంత్రం నాటండి.

నీళ్లు

మా అమ్మ ఒక మాట అనేది: "దినామూ చెంబుడు పోస్తే వేరు పైపైనే తిరుగుతాది, వారానికి బిందెడు పోస్తే అడుక్కి పోతాది." మా తోట మొత్తం ఈ మాట మీదే నడుస్తోంది.

నాటిన మొదటి పక్షం రోజు విడిచి రోజు పోయండి. తర్వాత వానలు వచ్చేదాకా వారానికి రెండుసార్లు. వాన పడుతుంటే అసలు వద్దు. సంక్రాంతి తర్వాత వారానికోసారి, పోసినప్పుడు మొక్కకు రెండు బిందెలు, పాదులో నిదానంగా ఇంకేలా. మొదటి వేసవిలో మాత్రం నాలుగైదు రోజులకోసారి. రెండో వేసవిలో పది రోజులకోసారి పోస్తే నిలుస్తాయి. మూడో వేసవికి నందివర్ధనం, కాగితం పూలు, పారిజాతం, గన్నేరు నెలకు ఒకటి రెండుసార్లతో గట్టెక్కుతాయి. కుండీలకు ఈ లెక్క పనికిరాదు, వాటికి వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే పోయండి.

ఊరికి పోయే ఇళ్లకు మంచి ఉపాయం పాతిన కుండ. పాలిష్ లేని మామూలు మట్టికుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూతి మీద చిల్లపెంకు పెట్టండి. కుండ గోడల్లోంచి తడి ఊరుతూ వేరుకు అందుతుంది, ఆవిరై పోదు. మధ్య మధ్య నింపితే చాలు. కొత్తగా నాటిన కరివేపాకుకు మేం ఇదే చేశాం.

బోరునీళ్లలో ఉప్పు ఎక్కువుంటే కుండీల అంచున, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది, ఆకు కొసలు మాడతాయి. ఆ పొర గీరి పారేసి, వానల్లో కుండీలను ఆరుబయట పెట్టి అడుగు నుంచి నీళ్లు ధారగా కారేదాకా తడవనివ్వండి. నీళ్ల ఫిల్టరు వదిలే వృథా నీళ్లు కుండీలకు పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఏసీ నుంచి కారేవి, బియ్యం కడిగినవి పోయవచ్చు.

పాదు మీద కప్పడానికి మన పక్క చెనక్కాయ పొట్టుకు కొదవలేదు. నూనె మిల్లుల దగ్గర, పల్లెల్లో బస్తాల లెక్కన దొరుకుతుంది. మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి జానెడు దూరం వదలండి. నిజంగా చెబుతున్నా, దీనివల్ల ఆదా అయినన్ని నీళ్లు ఇంక దేనివల్లా కాలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం పొట్టు కింద చెయ్యి పెట్టి చూడండి, పక్కన ఒట్టి నేల మీద కాలు మోపలేనప్పుడు అక్కడ చల్లగా, తడిగా ఉంటుంది. పొట్టు లేకపోతే ఎండు మామిడాకులు. నెలకోసారి కదిపి చెదలు పట్టాయేమో చూసుకోండి. కలుపు కూడా దాదాపు రాదు.

వానల్లో, వానల తర్వాత

అక్టోబరు రాగానే పాదు కట్టలకు పల్లం వైపు గండి కొట్టండి, పొట్టు పక్కకు లాగండి. కుండీల అడుగు రంధ్రాలు పుల్లతో పొడిచి చూసి, ఒక్కోదాన్ని రెండు ఇటుకల మీదికి ఎత్తండి. కింది పళ్లాలు తీసేయండి, దోమలు పెరిగేది వాటిలోనే. కలబంద, అడీనియం కుండీలు చూరు కిందికి జరపండి. తుపాను హెచ్చరిక వస్తే మునగ కొమ్మలు ముందే తగ్గించండి.

జనవరిలో వానలు వెనకబట్టాక ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి తీసేసి, మొక్కకు రెండు దోసిళ్ల చివికిన ఎరువు వేసి, పొట్టు మళ్లీ కప్పండి. ఏడాదికి ఎరువు ఆ ఒక్కసారి, ఆషాఢంలో ఇంకోసారి. ఎక్కువ ఎరువు వేస్తే లేత చిగుళ్లు, వాటికి పురుగు, దానికి మందు, అలా పని పెరుగుతుంది.

ఆషాఢంలో కత్తిరించే నందివర్ధనం కొమ్మలు పారేయకండి. పెన్సిల్ లావున్న కొమ్మను జానెడు ముక్కలుగా, కణుపు కింద ఏటవాలుగా కోయండి. పై రెండాకులు ఉంచి మిగతావి తుంచి, పాలు ఆరేదాకా గంటసేపు నీడలో పెట్టండి. సగం ఇసుక, సగం ఎర్రమట్టి నింపిన పాల కవర్లలో అడుగున చిల్లులు పెట్టి గుచ్చండి. మెట్ల కింద నీడలో ఉంచి మట్టి ఆరకుండా చూసుకుంటే, నెలా నెలన్నరకు కొత్త ఆకు తొంగిచూస్తుంది. పీకి చూడొద్దు, మెల్లగా లాగితే బిగువుగా అనిపించాలి, అంతే. మేం ఏటా పది పన్నెండు కవర్లు పెడతాం, వినాయక చవితి నాటికి ఆరేడు నిలుస్తాయి. పత్రి కోసం వచ్చిన వీధివాళ్లకు తలా ఒకటి ఇచ్చి పంపుతాం.